లేపి చూసేవాళ్లు

ఆ ఇంట్లో పొద్దున్నే లేచి "హాయిగా నిద్రపట్టింది" అనడం, పక్కింటివాళ్ల గిన్నె దొంగిలించానని ఒప్పుకోవడంతో సమానం. అత్తగారు పెదవి విరుస్తుంది. కొడుకు గొంతు సవరించుకుంటాడు. కూతురు కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది. పెళ్లయి వచ్చిన మర్నాడే కోడలు ఆ మాట అనేసింది. అప్పటి నుంచి పదేళ్లుగా ఆ ఇంట్లో ఆమెకి 'మొద్దు' అనే పేరు స్థిరపడిపోయింది.

వాళ్లకి నిద్ర రాదు. రాకపోతే రాకపోయింది, లోకంలో చాలామందికి రాదు. మాత్ర వేసుకుంటారు, లేదా పక్క మీద అటూ ఇటూ దొర్లి విధిని తిట్టుకుంటారు. వీళ్లు అలా కాదు. దాన్నొక పెద్ద చదువులా, పట్టాని పటం కట్టించి గోడకి తగిలించుకున్నట్టు బతికేవాళ్లు. "మా వంశంలో ఎవరూ ఒళ్లు మరిచి పడుకోరు" అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పేది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆడపడుచు, నిద్రలేని కంటి నుంచి అచ్చుతప్పు తప్పించుకోలేదని గొప్పలు పోయేది. తప్పించుకున్నవాటిని మర్నాడు ఊరంతా చదివేది. లిఫ్టులు బాగుచేసే భర్త తనకి రోజుకి మూడు గంటల నిద్ర చాలనేవాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టు మీదెక్కి, పానా నెత్తి కింద పెట్టుకుని గంటసేపు గుర్రు కొట్టాడని తోటి మెకానిక్కులు కోడలికి ఎప్పుడో చెప్పారు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

నిద్ర రాకపోవడం ఒక్కటే అయితే కోడలు ఎలాగో భరించేది. దానికి తోడు 'లేపి చూడటం' ఒకటుంది. పడుకున్న మనిషి దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు. ముక్కు కింద వేలు పెడతారు. అంతటితో ఊరుకోరు. భుజం తట్టి లేపి, "ఎంతమందిమి?" అని అడుగుతారు. పడుకున్నవాళ్లు ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆ లెక్క చెప్పాలి. సరిగ్గా చెబితే అది మంచి నిద్ర, మళ్లీ పడుకోవచ్చు. చెప్పలేకపోతే చెడ్డ నిద్రని లెక్క, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. కాపరానికొచ్చిన రెండో రాత్రి కోడలిని మూడుసార్లు అడిగారు. మూడోసారి ఆమె, "మీరెంతమందో నాకు తెలీదు, నేను మాత్రం ఒక్కదాన్నే, నన్ను వదిలేయండి" అంది.

ఎందుకిదంతా అని అడిగితే అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేసింది. "పాత యుద్ధంలో మా తమ్ముడు నిద్రలోనే పోయాడు. రెండేళ్లవాడు. మా అమ్మ అప్పట్నుంచి మమ్మల్ని లేపి చూసేది. మేం మా పిల్లల్ని చూసుకున్నాం." అంతకు మించి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎప్పుడో పోయిన పసివాడి కోసం ఇప్పుడున్నవాళ్లు కళ్లు కాయలు కాచేలా మేలుకుని ఉండటమేమిటో కోడలికి బొత్తిగా అర్థం కాలేదు. ఆమె పుట్టింట్లో అందరూ పడుకునేవాళ్లే. వాళ్ల నాన్న గోదాము కాపలాదారు, అక్కడ కూడా పడుకునేవాడు. అందుకని ఆమె రెండో వారమే ఒక షరతు పెట్టింది. నన్ను లేపితే పెట్టె సర్దుకుని వెళ్లిపోతానంది. లేపడం మానేశారు, జాలిగా చూడటం మొదలుపెట్టారు.

కూతురు పుట్టాక ఆ షరతు పిల్లకి పనిచేయలేదు. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అనేవాళ్లు. పిచ్చుకని రాత్రికి రెండుసార్లు లేపి చూసేవాళ్లు. కోడలు మొదట్లో పోట్లాడింది. తర్వాత రెండుసార్లే కదా, పిల్ల మళ్లీ పడుకుంటోంది కదా అని సరిపెట్టుకుంది. అంత తేలిగ్గా సరిపెట్టుకున్నందుకు తర్వాత ఆమె తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు.

పిచ్చుకకి ఏడేళ్లు వచ్చాక మళ్లీ యుద్ధం వచ్చింది.

ఊళ్లో మిగతావాళ్లందరూ యుద్ధానికి బెంబేలెత్తిపోతుంటే ఆ ఇంట్లోవాళ్లు మాత్రం, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న చుట్టం దిగినట్టు, ఒక్కసారిగా తేరుకున్నారు. అత్తగారి నడుం నిటారైంది. ఆడపడుచు వంతుల కాగితం రాసి వంటగది తలుపుకి అంటించింది. రెండు సార్లు లేపడం కాస్తా గంటకోసారి అయింది. సైరన్ మోగితే నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగి భవనం కింది గదిలోకి పోవాలి. అందరికన్నా ముందు, బూట్లతో సహా, వీళ్లే ఉండేవాళ్లు. మిగతా కాపురాలవాళ్లు నిద్రమొహాలతో, తిరగేసి తొడుక్కున్న చొక్కాలతో దిగి వచ్చేసరికి అత్తగారు మంచి చోటు చూసుకుని కూర్చుని, "ఎంతమందిమి?" అని లెక్క అడుగుతూ ఉండేది. "మీ నిబ్బరం మాకెక్కడిదండీ" అని మూడో అంతస్తు ముసలాయన మెచ్చుకుంటే, ఆవిడ తల వంచి ఆ మెప్పుని తీసుకునేది.

ఆ కింది గదిలో నీళ్ల గొట్టానికి తల ఆనించి హాయిగా నిద్రపోయేది కోడలు ఒక్కతే.

"వదినని చూడండి, బాంబులు పడుతుంటే గుర్రు పెడుతోంది" అంది ఆడపడుచు ఒక మధ్యాహ్నం, అందరికీ వినిపించేలా.

కోడలు కళ్లు తెరవకుండానే, "నేను మేలుకుంటే అవి పడకుండా పైనే ఆగిపోతాయా?" అంది.

ముసలాయన నవ్వాడు. ఆడపడుచు కళ్లజోడు తుడుచుకుంది.

నిద్ర కోడలికి విలాసం కాదు, పనిముట్టు. ఆమె బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. అరవై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీసిన గీత వెంట కరెంటు కత్తిని నడిపించాలి. ఎడమ చేతికి ఇనప జాలీ తొడుగు ఉంటుంది కానీ, చూపు రెప్పపాటు మసకబారినా గీత తప్పుతుంది. గీత తప్పితే అరవై ముక్కలూ ఒక్కసారే పాడు. యుద్ధానికి ముందు బడిపిల్లల చొక్కాలు కోసేది. ఇప్పుడు సైన్యానికి కంబళ్లు, గాయపడ్డవాళ్లని మోసే స్ట్రెచర్లకి కాన్వాసు. ఆ కాన్వాసు ఏనుగు చర్మంలా మందం, రోజంతా కోసేసరికి భుజం పట్టేస్తుంది. ఇంటికొచ్చి పడుకోకపోతే మర్నాడు చెయ్యి నిలవదు.

అలాంటి ఒక రోజు బడి నుంచి కబురొచ్చింది.

పిచ్చుక గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. సైరన్ మోగినప్పుడు పిల్లలందరినీ వరసగా మెట్లు దింపుతుంటే, ఈ పిల్ల నడుస్తూ నడుస్తూనే నిద్రలోకి జారి పది మెట్లు దొర్లింది. టీచరమ్మ కోడలిని బయటి బల్ల మీద కూర్చోబెట్టి చెప్పింది.

"రోజూ క్లాసులో పడుకుంటోందండీ. పాపం పడుకోనిద్దామనే చూస్తాను. ఎవరైనా పక్కనుంచి పోతూ తగిలితే చాలు, ఉలిక్కిపడి లేచి 'ఐదుగురం' అని అరుస్తుంది. పిల్లలకి నవ్వులాట అయిపోయింది. కావాలని వెళ్లి ముట్టుకుంటున్నారు. దాని పేరే ఐదుగురం అని పెట్టేశారు. ఇంట్లో ఏం జరుగుతోందండీ?"

కోడలికి సిగ్గుతో ఒళ్లంతా కుంచించుకుపోయింది. ఇంట్లో మతి చెడినవాళ్లు ఉన్నారు, వాళ్ల మధ్య నేనొక మొద్దుని ఉన్నాను అని ఎలా చెబుతుంది? "చూసుకుంటానండీ" అంది. ఆసుపత్రిలో కుట్లు వేసిన డాక్టరు కూడా అదే అన్నాడు. పిల్లకి జబ్బేమీ లేదు, నిద్ర కావాలి, ఇలాగే ఉంటే ఈసారి గడ్డంతో పోదు అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అందరినీ నిలబెట్టి చెప్పేసింది.

"రేపట్నుంచి నా కూతుర్ని ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మర్యాద దక్కదు."

"దెబ్బ తగిలిన పిల్ల. ఇప్పుడే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి" అంది అత్తగారు. ఆవిడ గొంతులో కోపం లేదు. గోడకి చెప్పినా అంతే శాంతంగా చెప్పేది.

"ఆ దెబ్బ మీ జాగ్రత్త వల్లే తగిలింది అత్తయ్యా!"

"నువ్వు పడుకో అమ్మాయ్. నీకు పని ఎక్కువ. పిల్ల సంగతి మేం చూసుకుంటాం."

కోడలు భర్త వైపు తిరిగింది. ఆయన గోడ మీద పగులు కేసి శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏవండీ, మీరు చెప్పండి."

"అమ్మకి చెప్పగలమా? ఇన్నేళ్ల అలవాటు" అన్నాడు ఆయన. "అయినా ఒక్కసారి లేపి చూస్తే ఏం పోయిందిలే."

ముప్ఫై అంతస్తుల పైన వేలాడే ఇనప తాళ్లని ఒంటిచేత్తో సరిచేసే మనిషి, తల్లి ముందు వెన్నెముక లేని చొక్కాలా జారిపోవడం చూస్తే కోడలికి అసహ్యం వేసింది. ఆ అసహ్యం దాచుకోలేదు కూడా. "మీ తాళ్లు మీకన్నా నయం" అంది. పిల్లని తన పక్కలోకి తెచ్చుకుని గడియ పెట్టేసింది. ఆయన ముందు గదిలో కుర్చీలో కూర్చున్నాడు. మేలుకుని ఉండటానికి మంచి సాకు దొరికినందుకు ఆయనకి పెద్ద బాధేమీ కలిగినట్టు లేదు.

గడియ వల్ల ఒరిగిందేమీ లేదు. గంటకోసారి అత్తగారు తలుపు తట్టేది. లోపల నుంచి పిచ్చుక "ఐదుగురం" అనేదాకా తడుతూనే ఉండేది. మూడో రోజు కోడలు తలుపు తీసి, ఇంకోసారి తడితే ఈ ఇంటి గుట్టంతా కింది గదిలో అందరి ముందూ విప్పుతానని బెదిరించింది. పరువుకి ప్రాణం పెట్టే మనుషులు కదా, తట్టడం ఆపేశారు. అప్పుడు తెలిసింది కోడలికి అసలు సంగతి. తలుపు చప్పుడు లేకపోయినా, ఎవరూ ముట్టుకోకపోయినా, గంట కాగానే పిల్ల తనంతట తనే లేచి కూర్చుని, చీకట్లోకి చూస్తూ "ఐదుగురం" అని చెప్పి, ఎవరో సరే అన్నట్టు తల ఊపి, మళ్లీ పడుకుంటోంది. పడుకుని మళ్లీ నిద్రపోతోందా అంటే అదీ లేదు. కళ్లు మూసుకుని వచ్చే గంట కోసం కాచుకుని ఉంటోంది.

ఇక గడియలు ఎక్కడ పెట్టాలో కోడలికి తెలియలేదు. ముసలిదాని పిచ్చి నా బిడ్డ ఎముకల్లోకి ఎక్కింది అనుకుంది. పళ్లు నూరుకుంది.

కార్ఖానాలో గుండీలు కుట్టే ఆవిడ ఉపాయం చెప్పింది. "మందుల షాపులో ఒక సిరప్ ఉంది. నా మనవడికి సైరన్ల భయానికి అదే పోశాం. రెండ్రోజులు కడుపునిండా పడుకున్నాడంటే, ఒంటికి అలవాటు తిరిగొస్తుంది." మందుల షాపాయన కూడా పిల్ల వయసు, బరువు అడిగి, సీసా చేతిలో పెట్టి, "ఒక్క చెంచా. అంతకు మించొద్దు" అన్నాడు.

సెలవు రోజు చూసుకుంది కోడలు. ఆడపడుచుకి ప్రెస్సులో పని. భర్త ఎక్కడో ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందని వెళ్లాడు. అత్తగారు కింద వీధి పంపు దగ్గర నీళ్ల వరసలో నిలబడింది. ఆ వరస తెమలడానికి రెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక కోడలు కిటికీ తెర లాగి, పిచ్చుకకి ఒక చెంచా మందు పోసింది. పిల్ల మొహం చిట్లించి మింగి పడుకుంది. పావుగంటకి కళ్లు మూతలు పడ్డాయి. మరో పావుగంటకి తెరిచింది. రెప్పలు వాలిపోతున్నా బలవంతాన పైకి లాగుతోంది, ఎవరో కాపలా పెట్టినట్టు. కోడలికి ఆ కళ్లు చూసి ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఇంకో అర చెంచా పోసింది.

అప్పుడు పడుకుంది పిల్ల. నోరు తెరిచి, చేతులు చెరోవైపు పారేసి, దిండు మీద చొంగ కారుస్తూ పడుకుంది. ఏడేళ్లలో దాన్ని అలా చూడటం ఆమెకి అదే మొదటిసారి. గంట దాటింది. పిల్ల లేవలేదు. కోడలు మంచం పక్కన కుర్చీ వేసుకుని, గెలిచినదానిలా కూర్చుంది.

అత్తగారు నీళ్ల డబ్బాలు దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ సరాసరి గదిలోకి వచ్చింది. ఈసారి తలుపుకి గడియ లేదు. కోడలు కావాలనే పెట్టలేదు.

"ఎంతమందిమి?" అంది అత్తగారు, పిల్ల భుజం తట్టి.

పిల్ల కదల్లేదు.

"పిచ్చుకా! ఎంతమందిమి?"

"పలకదు అత్తయ్యా" అంది కోడలు. ఆమె గొంతులో పదేళ్ల వెటకారం ఉంది. "ఎన్నిసార్లు అరిచినా పలకదు. మీ లెక్కలు మీరే చెప్పుకోండి. నేను మందు పోశాను."

అత్తగారు గగ్గోలు పెడుతుందని, చుట్టుపక్కలవాళ్లని పిలుస్తుందని కోడలు అనుకుంది. అన్నిటికీ జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. ఆవిడ అరవలేదు. చెయ్యి పిల్ల భుజం మీదే ఉంది.

"ఎన్ని చెంచాలు?" అని అడిగింది.

"ఒకటి."

"నిజం చెప్పు."

"ఒకటిన్నర."

అత్తగారు మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. చాలాసేపు పిల్ల పొట్ట కదలడమే చూసింది.

"నేను రెండు పోశాను" అంది.

కోడలికి మొదట అర్థం కాలేదు. పిచ్చుకకే ఎప్పుడో పోసిందేమో అనుకుని ఉలిక్కిపడింది. "ఎవరికి?"

"మా తమ్ముడికి." ఆవిడ చూపు పిల్ల మీద నుంచి తిప్పలేదు. "నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇంటి కింద గదిలో దాక్కున్నాం. పైన వీధిలో వాళ్లు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. వాడు ఊరికే ఏడ్చేవాడు, పాలు లేవు మరి. అమ్మ ఎక్కణ్ణుంచో ఒక సీసా సంపాదించింది. ఒక్క చెంచా పొయ్యి, పడుకుంటాడు అని నా చేతికిచ్చి, తను తలుపుకి చెవి ఆనించి కూర్చుంది. ఒకటి పోశాను. వాడు ఆపలేదు. బూట్ల చప్పుడు మా మెట్ల దాకా వచ్చేసింది. ఇంకోటి పోశాను. అప్పుడు ఆపాడు."

కోడలి చెయ్యి అప్పటికే పిల్ల ముక్కు కిందికి పోయింది.

"చీకట్లో అమ్మ మమ్మల్ని గొంతు మీద లెక్కపెట్టేది. పెద్దదాన్ని, నేను ఒకటి అనాలి. నా తర్వాతవాళ్లు రెండు, మూడు. వాడికి మాటలు రావు కదా, పాదం గిల్లితే కుయ్యిమనేవాడు, అది నాలుగు. ఆ పొద్దున గిల్లినా నాలుగు రాలేదు. పడుకున్నాడులే, పడుకోనీ అంది అమ్మ. తర్వాతి లెక్కలోనూ రాలేదు."

"మీ అమ్మకి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? అమ్మే అంది, నిద్రలో పోయాడు, నిద్ర తీసుకుపోయింది అని. అందరికీ అదే చెప్పింది. నేను ఊఁ అన్నాను. అమ్మ పోయేదాకా మమ్మల్ని లేపి చూస్తూనే ఉంది. ఒక్క చెంచాకి ఎవరూ పోరని ఆవిడకి తెలుసు కదా, అందుకని నిద్రని అనుమానించింది. నేను చెప్పి ఉంటే అమ్మ పడుకునేది. మేమందరం పడుకునేవాళ్లం." ఆవిడ కొంగు అంచుతో మూతి తుడుచుకుంది. "రోజూ చెబుదామనే అనుకునేదాన్ని. పెద్దయ్యాక చెబుదాం, పెళ్లయ్యాక చెబుదాం అనుకున్నాను. అమ్మ పోయాక ఇంక చెప్పడానికి ఎవరున్నారు? నా పిల్లలకి చెప్పకు. వాళ్లకి నిద్ర అనే తెలుసు. ఒట్టు వెయ్యి."

కోడలు ఒట్టు వేసింది. ఆ క్షణాన ఆమెని ఏమడిగినా వేసేది. ఆమె మనసంతా మంచం మీదే ఉంది. పిల్లని పట్టుకుని కుదిపింది. పిల్ల తల అటు నుంచి ఇటు వాలిందే తప్ప కళ్లు తెరవలేదు. "పిచ్చుకా! లే! లేచి కూర్చో! ఎంతమందిమే? చెప్పవే!" అని కోడలు అరిచింది. ఏ మాట విని పదేళ్లు వెక్కిరించిందో ఆ మాటే తన నోట్లోంచి వస్తోందని అప్పుడు ఆమెకి తట్టనే లేదు. పరుగెత్తి వెళ్లి మందుల షాపాయనకి ఫోన్ చేసింది. ఆయన కొలత అడిగి, పిల్ల ఊపిరి తీరు అడిగి, ఒళ్లు రంగు అడిగి, అవన్నీ బాగానే ఉన్నాయని తెలుసుకున్నాక, ఆ అర చెంచాకి నాలుగు చివాట్లు పెట్టాడు. ప్రమాదం లేదు, సాయంత్రానికి లేస్తుంది, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు.

ఆమె తిరిగి వచ్చి మళ్లీ భుజం మీద చెయ్యి వెయ్యబోతే అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఊపిరి బాగానే ఉంది. పడుకోనీ."

ఇద్దరూ చెరో పక్కా కూర్చున్నారు. ఎండ తెర వెనక నుంచి జారి గోడ దిగింది. చీకటి పడబోతుండగా పిచ్చుక ఒళ్లు విరుచుకుని, కళ్లు నులుముకుని, "ఆకలేస్తోంది" అంది. లెక్క చెప్పలేదు. కోడలు దాన్ని వాటేసుకుని భోరుమంది. తలెత్తి చూస్తే అత్తగారు మంచం పట్టెకి చెంప ఆనించి నేల మీదే నిద్రపోయి ఉంది. నోరు తెరిచి, చిన్నగా గుర్రు పెడుతూ, అచ్చం మొద్దులా.

కొడుకూ కూతురూ ఇంటికొచ్చి ఆ దృశ్యం చూసి కొయ్యబారిపోయారు. తల్లి నిద్రపోవడం వాళ్లు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "అమ్మా! ఎంతమందిమి?" అంటూ భర్త ముందుకొచ్చాడు. కోడలు అడ్డం నిలబడింది.

"ముట్టుకోకండి."

"ఏమైంది వదినా? ఏం చేశావు అమ్మని?" అంది ఆడపడుచు.

"ఏమీ చెయ్యలేదు. పడుకుంది. మనుషులు పడుకుంటారు" అంది కోడలు. నాలుక చివరి దాకా వచ్చిన మిగతాదంతా వేసిన ఒట్టు కొద్దీ మింగేసింది. పదేళ్లలో ఆ ఇంట్లో ఆమె ఒక మాట మింగడం అదే మొదలు.

తర్వాత అత్తగారు ఎవరినీ లేపలేదు. తలుపు మీది వంతుల కాగితం తనే చింపేసింది. పగలు లేదు, రాత్రి లేదు, సైరన్ మోగితే కింది గదిలో నీళ్ల గొట్టం దగ్గరి చోటు ఆక్రమించుకుని మరీ నిద్రపోయేది. కొడుకూ కూతురూ, పెద్దదిక్కు పోయినవాళ్లలా, కొన్నాళ్లు ఒకరినొకరు లేపి చూసుకున్నారు. ఎందుకో పాత ఉత్సాహం రాలేదు. పిచ్చుకకి మందు మళ్లీ అక్కర్లేకపోయింది. గంట గంటకీ లేవడం రెండు గంటలకి, నాలుగు గంటలకి జరిగి, నెల తిరిగేసరికి పోయింది. గడ్డం మీద కుట్ల మచ్చ మిగిలింది. బడిలో పాత పేరు ఇంకా పూర్తిగా పోలేదు కానీ, అలా పిలిచిన ఒకణ్ణి పిచ్చుక పలకతో కొట్టిందని టీచరమ్మ ఫిర్యాదు చేసింది.

నిద్ర పోయింది కోడలికి. కళ్లు మూసుకుంటే చాలు, అర చెంచా మందు అంచు దాకా నిండి కనిపించేది. బలవంతాన కునుకు తీస్తే, చీకట్లో ఎవరో ఒకటి, రెండు, మూడు అని ఆగిపోయినట్టుండేది. ఆ పిల్లవాడు ఆమెకి ఏమవుతాడు? ఏమీ కాడు. మొగుడి మేనమామ, రెండేళ్లవాడు, ఆమె పుట్టకముందే పోయాడు. అయినా ఆమె పక్క మీదికి వచ్చి కూర్చున్నాడు. కార్ఖానాలో ఒక పొద్దున కత్తి గీత దాటి జాలీ తొడుగు మీదికి ఎక్కింది. వేలు దక్కింది కానీ, అరవై పొరల కాన్వాసు పోయింది. సూపర్‌వైజరు ఆమెని కత్తి దగ్గర నుంచి తీసేసి, కంబళ్లు మడతపెట్టే బల్ల దగ్గర నిలబెట్టాడు. పన్నెండేళ్ల పనితనం అలా ఒక్క పూటలో మడతబల్ల పాలైంది.

భర్త ఇదంతా గమనించాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆమె ఎర్రటి కళ్ల కేసి, ఆ కళ్ల కింది నలుపు కేసి మురిపెంగా చూశాడు.

"మొత్తానికి మా ఇంటి మనిషివి అనిపించుకున్నావు" అన్నాడు. "ఇప్పుడు తెలిసిందా, మేం ఎందుకు మేలుకుని ఉండేవాళ్లమో?"

"వదినకి లేటుగానైనా బాధ్యత తెలిసింది" అంది ఆడపడుచు.

వాళ్లకి ఏమీ తెలియదు. ఏ పాపం ఎరక్కుండా మేలుకున్న వెర్రివాళ్లు వాళ్లు. అంతా తెలిసి మేలుకున్నది ఇప్పుడు తనొక్కతే. ఒక్క మాట చెబితే ఇద్దరి మొహాలూ మాడిపోయేవి. పక్క గదిలో అత్తగారి గుర్రు వినబడుతోంది. ఇంతకన్నా పెద్ద అవమానం తన బతుకులో జరగలేదనుకుంటూ కోడలు కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

లేచి పిల్ల గదిలోకి వెళ్లింది. పిచ్చుక ఎండ పడకుండా గోడ వైపు తిరిగి మధ్యాహ్నం నిద్ర పోతోంది. కోడలు ఊపిరి చూద్దామనే వంగింది. అంతే చూసి వెళ్లిపోదామనుకుంది. వేలికి గాలి తగిలింది. తగిలిన గాలి నిజమో కాదో నమ్మకం కుదరలేదు. భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా తట్టింది. కదల్లేదని గట్టిగా తట్టింది.

పిచ్చుక ఒక కన్ను తెరిచింది. తల్లిని పైనుంచి కిందికి చూసింది. కొత్తగా వచ్చిన రోజుల్లో కోడలు ఆ ఇంట్లోవాళ్లని ఎలా చూసేదో, సరిగ్గా అలాగే చూసింది.

"నానమ్మే మానేసింది. నీకేం పొయ్యేకాలం అమ్మా?" అంది.

అని దుప్పటి నెత్తి మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది. దుప్పటి లేస్తూ పడుతూ ఉంది. కోడలు అక్కడే నిలబడి ఆ దుప్పటిని చూసింది. ఆ పిల్ల తనని అసహ్యించుకున్నందుకు సంతోషించింది. సంతోషిస్తూనే, కాసేపాగి దాన్ని మళ్లీ లేపబోతానని ఆమెకే తెలుసు.